కంప్యూటర్ చేతులు మారేముందు

ఒంగోలులోనో కావలిలోనో పాత కంప్యూటర్ అమ్ముతుంటే, చెరిపే పని చివరికి ఉంచండి. ముందు ఫొటోలు, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా బయటి డిస్కులోకి తీసి, వేరే కంప్యూటర్లో నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయినట్టే కనబడి తెరుచుకోనివి ఉంటాయి.

బయోస్ పాస్‌వర్డ్ (విండోస్ మొదలవకముందే కంప్యూటర్ అడిగేది) పెట్టి ఉంటే తీసేయండి. విండోస్‌ను చెరిపి కొత్తగా చేసే రీసెట్‌తో అది పోదు, కొన్నవాళ్లు ఇరుక్కుపోతారు.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, ‘చేంజ్ సెట్టింగ్స్’లో ‘క్లీన్ డేటా’ ఆన్ చేయాలి. లేకపోతే హార్డ్ డిస్కులోని పాత ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ తీయొచ్చు. ఇలా చెరపడానికి గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే విండోస్ బూట్ కాకపోవచ్చు. చిన్న యూపీఎస్‌ను నమ్ముకోకండి, కోత లేని రోజు పెట్టుకోండి.

రీసెట్ అయ్యాక దేశం ఎంచుకోమనే తెర రాగానే కంప్యూటర్ ఆపేసి, ఛార్జర్‌తో సహా అప్పగించండి.