కథలో, ఆటలో క్రౌర్యం: తరచి చూడటమా, రుచి మరగడమా?

గృహహింస, అత్యాచారం, చేతబడి నెపంతో కొట్టి చంపడం లాంటివి కథల్లోకి రాకూడదని ఎవరన్నా అంటే వినకండి. రావాలి. ఆ సన్నివేశం పాఠకుడికి ఏదైనా తెలియజెబుతోందా, నొప్పిని వేడుక చేస్తోందా అన్నదే చూసుకోవాలి. రాసే వేడిలో ఈ తేడా తెలియదు. మొదటి ప్రతి ఆపకుండా రాసి, కనీసం వారం పక్కన పెట్టండి.

తర్వాత సన్నివేశాన్ని ప్రింటు తీసి రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. దెబ్బ, గాయం, శరీరం, అరుపు ఉన్న వాక్యాల కింద ఎర్ర గీత. బాధితురాలి ఆలోచన, నిర్ణయం, తర్వాతి పరిణామం ఉన్నవాటి కింద నీలి గీత. ఎరుపు రెండు పేజీలుండి నీలం నాలుగు వాక్యాలే ఉంటే తూకం తప్పినట్టే. చాలాసార్లు కారణం ఒక్కటే: రచయిత కొట్టేవాడి పక్కన నిలబడి చూస్తున్నాడు. చిరిగిన జాకెట్టు, వణికే పెదవి కనిపించేది వాడికి. దెబ్బలు తినే మనిషికి గడియ పడిన తలుపు కనిపిస్తుంది, పక్కగదిలో పిల్లాడు లేచిన చప్పుడు వినిపిస్తుంది. ఆమె వైపు నుంచి మళ్లీ రాస్తే సగం వర్ణన దానంతటదే రాలిపోతుంది.

ఇక కోత. దాడిని పూర్తిగా తీసేసి మర్నాటి ఉదయం నుంచి మొదలుపెట్టి చూడండి. "చేతికేమైంది?" అని పక్కింటావిడ అడుగుతుంది. "గంజి వారుస్తుంటే ఒలికింది వదినా" అంటూ ఈమె చెయ్యి కొంగు కిందికి లాక్కుంటుంది. కథ ఇంతతోనే నిలబడితే దాడి దృశ్యం అక్కర్లేదు. కుంటుతుంటే ఏ వివరం లేక కుంటుతోందో కనిపెట్టి, అంతవరకే తిరిగి పెట్టండి.

ఇక్కడ జాగ్రత్త: అన్నీ సూచనగా వదిలేస్తే దోషి తప్పించుకుంటాడు. కులహత్య మీద రాస్తూ "ఘోరం జరిగిపోయింది" అని తేల్చేయడం పిరికితనం. ఎవరు, దేంతో, ఎవరి కళ్లెదుట చంపారో సూటిగా చెప్పాలి. భారతంలో నిద్రపోతున్న శిబిరం మీద అశ్వత్థామ చేసిన దాడిని సౌప్తికపర్వం దాచలేదు. ఆ వెంటనే స్త్రీపర్వం వస్తుంది. భర్తల, కొడుకుల శవాల మధ్య ఏడ్చే ఆడవాళ్లకు విడిగా ఒక పర్వమే ఉంది. మీ కథలో ఆ ఏడుపుకు ఎన్ని పేజీలిచ్చారో లెక్కపెట్టండి.

వీడియో గేములో సంభాషణలకన్నా పాయింట్లే గట్టిగా మాట్లాడతాయి. "హింస తప్పు" అని పాత్రచేత అనిపించి, ప్రతి హత్యకూ బహుమతి ఇస్తే ఆటగాడికి ఎక్కేది బహుమతే. ఒక పట్టిక గీయండి: ఆటగాడు చేసిన పని, వెంటనే దక్కేది, పోయేది, కొంతసేపయ్యాక ఎదురయ్యేది. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ హింస వట్టి అలంకారం. పోలండ్‌కు చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014లో తెచ్చిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' ఆ గడిని నింపింది. 1990లలో బోస్నియా యుద్ధంలో జరిగిన సరయేవో నగర ముట్టడి స్ఫూర్తితో చేసిన ఆ ఆటలో మనం సైనికులం కాదు, మామూలు జనం. వృద్ధ దంపతుల ఇల్లు దోచుకొస్తే తిండి దొరుకుతుంది, కానీ మన మనుషులు కుంగిపోతారు.

నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే ఆటకు, మొదలుపెట్టే ముందే రెండు జాబితాలు రాసుకోవాలి: అసలు రాకూడనివి, వచ్చినా తెరవెనకే జరగాల్సినవి. పిల్లల మీద లైంగిక హింసను అడగకుండానే మొదటి జాబితాలో వేసేయండి. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తు గీసిన కార్డు పెట్టండి. ఇలాంటి ఆటల రూపకర్త జాన్ స్టావ్రోపోలస్ తెచ్చిన పద్ధతి ఇది: ఎవరైనా దాన్ని తాకితే ఆ అంశాన్ని అక్కడే వదిలేసి ముందుకు పోవాలి, కారణం అడగకూడదు. ఒక్కసారి అందరిముందూ "ఎందుకు?" అన్నారంటే ఇంకెవరూ ఆ కార్డు జోలికి రారు. ఆట నడిపేవారే మొదటి అరగంటలో ఏదో ఒక చిన్న విషయానికి దాన్ని తాకి చూపిస్తే మిగతావాళ్ల బెరుకు పోతుంది.