పెన్నులో ముడి: ఏది చెప్పాలి, ఏది దాచుకోవాలి

రెండు మూడు రకాల చెక్క ముక్కలను అతికించి, లేత్ (చెక్కను గుండ్రంగా తిప్పే యంత్రం) మీద తిప్పి పెన్నులు చేసేవాళ్లు మన వైపు తక్కువే. కానీ చిట్యాలలో మా దుకాణానికి నేర్చుకుందామని వచ్చే పిల్లలు ఈ మధ్య పెరిగారు. వాళ్లలో చాలామంది కూర్చోగానే అడిగేది ఒకటే: "అన్నా, ఇదంతా మాకు చెప్తే నీకు నష్టం కాదా?" కొంత పని వచ్చాక అదే పిల్లలు ఇంకోటి అడుగుతారు: "నేను కనిపెట్టినది పక్కవాడికి చెప్పాలా, వద్దా?" నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు ముడి పెన్ను ఎలా చేయాలో కూడా చెప్తాను. పనిలో అసలు కిటుకు ఎక్కడుందో తెలియకుండా దేన్ని దాచాలో ఎవరికీ తెలియదు.

ముందు పని

పెన్ను మీద నాలుగు తెల్లటి రింగులు ఒకదానిలోంచి ఒకటి దూరినట్టు కనిపించే డిజైన్‌ను సెల్టిక్ నాట్ అంటారు. మేం ముడి అంటాం. చూస్తే అల్లినట్టు ఉంటుంది కానీ అందులో అల్లికేమీ లేదు. నాలుగు ఏటవాలు కోతలు, నాలుగు పట్టీలు, అంతే.

20 మిల్లీమీటర్ల చదరపు దిమ్మ తీసుకోండి. నేను ఎక్కువగా పాత ఇళ్ల దర్వాజాల్లోంచి వచ్చిన టేకు, లేదా బాగా ఆరిన నల్లతుమ్మ వాడతాను. కోతలో దింపే పలచటి పట్టీకి అంకుడు కర్ర లాంటి తెల్లటి, పొరలు కనపడని చెక్క అయితే ముడి ఎత్తి చూపుతుంది. దిమ్మ నాలుగు ముఖాల మీద పెన్సిల్‌తో 1, 2, 3, 4 అని రాయండి. కోసేటప్పుడు ఏ కొసను స్టాపర్‌కు (దిమ్మ ప్రతిసారీ ఒకేచోట ఆగేలా పెట్టిన అడ్డుకు) ఆనించాలో ఆ కొస మీద కూడా ఒక గుర్తు పెట్టండి. పని మధ్యలో దిమ్మను తిరగేసి ఆనిస్తే మొత్తం చెడిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. బ్లేడు ఎంత చెక్క తింటుందో, పట్టీ సరిగ్గా అంతే మందం ఉండాలి. బ్లేడు మీద అచ్చేసిన అంకెను నమ్మొద్దు. పనికిరాని ముక్క మీద ఒక కోత కోసి, ఆ సందును వెర్నియర్‌తో (సన్న కొలతలు చూపే పరికరంతో) కొలవండి. నా బ్లేడు 2.4 మిల్లీమీటర్లు తింటుంది, కాబట్టి నా పట్టీ 2.4. చేతి రంపమైతే దాదాపు 1 మిల్లీమీటరే తింటుంది, దానికి వెనీర్ (పలచటి చెక్క రేకు) చాలు. పట్టీ వేలితో నొక్కితే దిగాలి. సుత్తి అడగకూడదు, దిగాక కదలకూడదు. కోతలో ఎంత చెక్క పోయిందో అంతే తిరిగి చేరినప్పుడే దిమ్మ పొడవు మారదు. పట్టీ అరమిల్లీమీటరు పలచబడినా రెండో కోత దగ్గర మొదటి పట్టీ మెట్టు పడుతుంది. నాలుగో కోతకు వచ్చేసరికి గీతలు ఒకదానికొకటి కలవవు.

కోత 45 డిగ్రీల్లో పెట్టి, దిమ్మను పూర్తిగా తెగనివ్వకుండా కింద ఒక మిల్లీమీటరు వదిలేయండి. ఆ కొద్ది చెక్కే రెండు ముక్కల్నీ వరసలో పట్టి ఉంచుతుంది. పట్టీకి జిగురు రాసి దింపి, క్లాంప్ వేసి, పూర్తిగా ఆరనివ్వండి. అరాల్డైట్ అయితే రాత్రంతా. తర్వాత బయటికి వచ్చిన పట్టీని దిమ్మతో సమానంగా చెక్కేయాలి. ఈ అడుగు వదిలేసేవాళ్లే ఎక్కువ. పొడుచుకొచ్చిన పట్టీ జిగ్‌కు (దిమ్మను సరైన కోణంలో పట్టి ఉంచే అమరికకు) తగిలితే దిమ్మ వెంట్రుకవాసి పైకి లేస్తుంది, రెండో కోత పక్కకు జరుగుతుంది. నేను 1వ ముఖం తర్వాత 3, ఆ తర్వాత 2, చివర 4 కోస్తాను. స్టాపర్ మాత్రం మొదటి కోత నుంచి చివరి కోత దాకా కదలకూడదు.

నాలుగు పట్టీలూ ఆరాక, రీఫిల్ కోసం దిమ్మ మధ్యలో పొడవునా రంధ్రం వేసేటప్పుడు డ్రిల్ బిట్‌ను మాటిమాటికి బయటికి తీసి పొట్టు దులపండి. వేడికి ఫెవిక్విక్ లాంటి జిగురు పట్టు వదులుతుంది, లోపల పట్టీ ఊడుతుంది. దిమ్మను కావలసినదానికంటే కొంచెం పొడుగ్గా ఉంచి, రంధ్రం అవతలికి పొడవకుండా ఆపి, ఆ అదనపు కొస కోసేయండి. అలా చేస్తే చివర చెక్క చిట్లదు. రంధ్రం నడిమధ్యలో లేకపోతే ముడి ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వస్తుంది.

లేత్ మీద గుండ్రంగా తిప్పాక, చివరగా రంగు. ముదురు చెక్కను శాండ్ పేపర్‌తో రుద్దినప్పుడు ఆ పొట్టు తెల్ల పట్టీలోకి దిగి మురికి పట్టినట్టు చేస్తుంది. రుద్దకముందే పలచటి సూపర్ గ్లూ ఒక పూత పూసి చెక్కలోని సన్న రంధ్రాలు మూసేస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఇది నాకు తలుపులకు పాలిష్ చేసే ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన లక్కతో మూసేవాడు, నేను గ్లూతో మూస్తాను. ఎవరికి నేర్పినా ఆయన మాటగానే నేర్పుతాను.

పెన్ను చేతిలోకి వెళ్తే ఏం బయటపడుతుంది

మీ పెన్నును ఇంకో తయారీదారు చేతిలో పెట్టండి. ఏం చెక్కో, ఎన్ని రింగులో, కోత ఎంత ఏటవాలో ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు. అది మీరు దాచలేరు, దాచాలని చూడటం వృథా. వాడికి కనపడనివి మూడు: పట్టీ మందానికీ బ్లేడుకూ ఉన్న లెక్క, కోతల వరస, ప్రతి పట్టీ తర్వాత సమానం చేసిన సంగతి. ఈ మూడూ విదేశాల్లో లేత్ పని చేసేవాళ్లు ముందే తేల్చి, అందరికీ చూపించేసినవి. మనం కూడా ఎక్కడో ఒకచోట చూసో వినో నేర్చుకున్నవే. కాబట్టి ముడి కోతను "నా రహస్యం" అనుకోవడం సరికాదని నా అభిప్రాయం. అడిగినవాళ్లకు అంకెలతో సహా చెప్పేయండి.

అడక్కపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని టేబుల్ రంపం మీద కోయొద్దు, జిగ్‌లో క్లాంప్ చేయాలి. లేత్ దగ్గర గ్లౌజులు, వేలాడే కండువా వద్దు. రోజ్‌వుడ్ పొట్టు చాలామందికి దురద, ఆయాసం తెస్తుంది, మాస్క్ ఉండాలి. సూపర్ గ్లూ పొగ కళ్లకు పట్టకుండా గాలి ఆడాలి. కాగితాలు లేని ఎర్రచందనం ముక్క ఎవరు ఊరికే ఇస్తానన్నా తీసుకోవద్దు. మీరు పోటీదారు అనుకునే మనిషికైనా సరే, వేళ్లు పోయే సంగతులు చెప్పకుండా ఉండొద్దు.

చెప్పకూడనివి

నేను మూడు రకాలవి చెప్పను. మొదటిది, గిరాకీ తెచ్చిన డిజైన్. ఒకాయన వాళ్ల నాయన వాడిన నాగలి మేడి ముక్క తెచ్చి, దాంతో పెన్ను చేయమన్నాడు. ఆ ముక్కలు పేర్చిన తీరు ఆయన ఇంటిది. ఇంకొకరికి చేసివ్వను, ఎలా పేర్చానో చెప్పను.

రెండోది, ఇంకొకరు నన్ను నమ్మి చెప్పినది. అది నాకు తెలుసు కాబట్టి నాదే అనుకోకూడదు. ఎవరైనా అడిగితే, "అది ఫలానా ఆయన చెప్పిన పని, ఆయన్నే అడుగు" అంటాను. చెప్పినాయన ఒప్పుకుంటేనే నోరు విప్పుతాను.

మూడోది, నేను ఇప్పుడే తయారుచేసుకున్న జిగ్ ఏదైనా ఉండి, దాని మీద చేతిలో ఆర్డర్లు ఉంటే, అవి పూర్తయ్యేదాకా చెప్పను. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. దాని కోసం పాడైన చెక్క, పోయిన రోజులు తిరిగి రావాలి కదా. కానీ దీనికి ఒక గడువు ఉండాలి. ఆర్డర్లు అయిపోయాక కూడా గుప్పిట మూసుకుని కూర్చుంటే ఆ పని మనతోనే ఆగిపోతుంది.

మా నాయన కాలంలో బండి చక్రాలకు ఇనుప పట్టా ఎక్కించేవాళ్లు. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువకు కోసి, అతికి, ఎర్రగా కాల్చి, చక్రం మీద దింపి నీళ్లు పోస్తారు. పట్టా బిగుసుకుని ఆకులన్నీ కుదురుకుంటాయి. ఎంత తక్కువకు కోయాలన్నదే అందులో విద్య. మా పక్క ఊళ్లో ఒకాయనకు చెక్క పచ్చిగా ఉంటే ఎంత, ఎండినదైతే ఎంత అన్న లెక్క నోటికి ఉండేది. కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పనని పట్టు పట్టాడు. కొడుకు లారీ ఎక్కాడు. ఆ లెక్క ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. బండ్లు పోయాయి కాబట్టి ఫరవాలేదని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కొయ్యా ఇనుమూ ఎలా కలుస్తాయన్న జ్ఞానం అది, బండి కంటే పెద్దది.

చెప్తే పూర్తిగా, లేదంటే "చెప్పను" అని

నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. చెప్పడం ఇష్టం లేకపోతే "ఇది ఇప్పుడు చెప్పను తమ్మీ" అని మొహం మీదే అనండి. అడిగినవాడు కాసేపు బాధపడి ఊరుకుంటాడు. అలా అనలేక తప్పు అంకె చెప్పేవాళ్లు, ఒక అడుగు మింగేసి మిగతాది చెప్పేవాళ్లు ఉన్నారు. నల్లగొండ నుంచి వచ్చిన ఒక పిల్లాడికి ఎవరో "ఏ బ్లేడైనా పట్టీ 3 మిల్లీమీటర్లు పెట్టు" అని చెప్పారట. అతని బ్లేడు తినేది అంతకంటే తక్కువ. పట్టీని సుత్తితో కొట్టి దింపితే కింద వదిలిన మిల్లీమీటరు చెక్క విరిగి, దిమ్మలన్నీ రెండు ముక్కలయ్యాయి. తన చేతికే పని రాదనుకుని లేత్ అమ్మేద్దామనుకున్నాడు. వెర్నియర్ చేతిలో పెట్టి సందు కొలిపిస్తే సమస్య అక్కడికక్కడే తేలిపోయింది. "చెప్పను" అని ఉంటే అతనికి నష్టమే లేదు. సగం చెప్పడం వల్ల మంచి చెక్క పోయింది, ధైర్యం కూడా పోయింది.

చెప్పేటప్పుడు కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వొద్దు. పనికిరాని ముక్క వాళ్లతోనే కోయించండి. ఒక రోజుకు ఒక్క విషయం చాలు: ఈరోజు సందు కొలవడం, రేపు పట్టీ దించడం. ఎందుకో కూడా చెప్పండి. కారణం తెలిసినవాడు తన దగ్గరున్న రంపానికి లెక్క మార్చుకుంటాడు. అంకె మాత్రమే తెలిసినవాడు ఇరుక్కుపోతాడు.

మరి మనకేం మిగులుతుంది?

చిట్యాల నుంచి పుట్టపాక, పోచంపల్లి దూరమేమీ కాదు. అక్కడ చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలును అక్కడక్కడ కట్టి, అద్ది, నేసే ఇకత్ పని) ఇంటింటికీ తెలుసు. దాన్ని ఎవరూ తాళం వేసి దాచలేదు. పోచంపల్లి ఇకత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో జీఐ (ఒక ప్రాంతపు సరుకుకు ఆ ప్రాంతం పేరుతో ఇచ్చే) గుర్తింపు వచ్చింది. అది ఒక మనిషిదో ఒక కంపెనీదో కాదు, ఆ ప్రాంతంలో నేసేవాళ్లందరిదీ. పనితనం తెరిచే ఉంది, కాపాడుకుంటున్నది పేరును. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారిది ఇంకో దారి. వాళ్లమ్మ ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఊపుతూ ఆసు పోయడం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడం) చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. దానికి పేటెంట్ తీసుకున్నారు, అదే యంత్రాన్ని నేతన్నల ఇళ్లకు చేర్చారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కాపాడుకోవడం, పంచుకోవడం రెండూ ఒకే మనిషి చేయొచ్చని మా పిల్లలకు ఆయన్నే చూపిస్తాను.

మనకు ఉపయోగపడే చట్టం సంగతి రెండు ముక్కల్లో. మన దేశంలో పేటెంట్ 20 ఏళ్లు ఉంటుంది, కానీ కొత్తదానికే ఇస్తారు. ముడి కోతకు రాదు. పెన్ను రూపం నిజంగా కొత్తదైతే 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. 10 ఏళ్లు వర్తిస్తుంది, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. అయితే దరఖాస్తు పెట్టకముందే పదిమందికి చూపిస్తే కొత్తదనం పోయినట్టే. కాబట్టి అలాంటి ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు, తర్వాత ఫోటోలు.

దీనికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. ప్రతి పెన్ను మీద మీ గుర్తు కాల్చండి. చిన్న అక్షరం చాలు. ముడి ఎవరైనా వేస్తారు, కానీ ఊడిన పట్టీని పైసా తీసుకోకుండా మళ్లీ అతికిస్తానన్న మాట మీ గుర్తుతోనే వెళ్తుంది. మీ డిజైన్ ఎవరైనా అచ్చుగుద్దినట్టు చేసి అమ్ముతుంటే మొదట ఫోన్ చేసి మాట్లాడండి. "నేర్చుకోవడానికి చెయ్యి, అమ్మేటప్పుడు చెక్కలో అయినా కోణంలో అయినా నీది అనిపించే మార్పు చెయ్యి" అంటే వినేవాళ్లే ఎక్కువ.

మీరు ఇంకొకరి దగ్గరికి అడగడానికి వెళ్తుంటే ఉత్త చేతులతో వెళ్లొద్దు. మీ దగ్గర చెడిపోయిన దిమ్మ, దాన్ని కోసిన బ్లేడు రెండూ పట్టుకెళ్లండి. ఆ పెద్దమనిషికి అవి చూస్తేనే సగం అర్థమవుతుంది. ఒక్క ప్రశ్నే అడగండి, పని చేసే టైములో కాకుండా సాయంత్రం దుకాణం సర్దేటప్పుడు. లేచే ముందు ఈ రెండు మాటలు అడగడం మర్చిపోవద్దు: "ఇది ఇంకొకరికి చెప్పొచ్చా? దీంతో చేసి అమ్ముకోవచ్చా?" ఆయన ఏమంటే అది ఒక నోట్‌బుక్‌లో ఆయన పేరు, తేదీ, కొలతలతో సహా రాసి పెట్టుకోండి.