ఊరి నాటకానికి మిక్సర్‌లో మైకులు సెట్ చేసుకోవడం ఎలా?

అనంతపురం జిల్లాలో ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం దిక్కు ఏ పల్లెలో పౌరాణిక నాటకం ఆడినా మైక్‌సెట్టుకు అది పరీక్షే. పద్యం చివర ఊపిరి ఉన్నంతసేపూ రాగం లాగే నటుడు, పక్కనే హార్మోనియం, తబలా, కాళ్ల కింద దడదడలాడే చెక్కల స్టేజీ, వీటికి తోడు ఆగకుండా కొట్టే గాలి. వెనక నుంచి "అన్నా, సౌండు చాల్లేదు" అని ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. ఆ మాట వినగానే మొత్తం సౌండును పెంచే మాస్టర్‌ను పైకి తోసేవాళ్లే ఎక్కువ. లోపం చాలాసార్లు అక్కడ ఉండదు, ఒక్కో మైకుకు కేటాయించిన వరుస, అంటే ఛానల్, పైన ఉండే గెయిన్ నాబ్ దగ్గర ఉంటుంది. మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ను మిక్సర్‌లోకి రాగానే ఎంత పెంచాలో చెప్పేది అదే.

కరెంటు ఇవ్వకముందే ఏ మైకు ఏ ఛానల్‌లోకి వెళ్తుందో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక్కో ఛానల్ సౌండును పైకీ కిందికీ జరిపే ఫేడర్ల కింద తెల్ల టేపు అంటించి దాని మీద పెన్నుతో రాయండి. పాత్రల పేర్లు మాత్రం రాయొద్దు. అర్ధగంటకోసారి కృష్ణుడు పోయి దుర్యోధనుడు వస్తాడు, మైకు ఉన్నచోటే ఉంటుంది. అందుకే "ఎడమ", "నడిమి", "కుడి", "హార్మోనియం", "తబలా" అని చోటును బట్టి రాసుకుంటే చీకట్లో కూడా చేయి తప్పదు.

గెయిన్లు, ఫేడర్లు, మాస్టర్ అన్నీ కిందికి దించి ముందు మిక్సర్ ఆన్ చేయండి, యాంప్లిఫయర్ చివర్లో. ఇది తిరగబడితే బాక్సుల్లో 'ధడ్' మని కొట్టే దెబ్బకు లోపలి స్పీకర్లు (డ్రైవర్లు) పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు వైర్లు. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, కీబోర్డు నుంచో మొబైల్ నుంచో వచ్చేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మైకును మైక్ ఇన్‌పుట్‌లోనే, పాటలు వేసే మొబైల్‌ను లైన్ ఇన్‌పుట్‌లోనే గుచ్చాలి. స్టేజీ నుంచి మిక్సర్‌కు దూరం ఎక్కువైతే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరే వాడండి. ఒకటో పిన్ను గ్రౌండ్. రెండు, మూడు పిన్నుల మీద సిగ్నల్ ఎదురెదురుగా నడుస్తుంది, దారిలో రెండింటికీ ఒకేలా అంటుకున్న గురగుర మిక్సర్ చేరేసరికి కొట్టేసుకుపోతుంది. మామూలు లావు జాక్ వైరుకు ఆ సౌకర్యం లేదు. ముప్పై మీటర్లు లాగి, సీరియల్ సెట్ల కరెంటు తీగ పక్కనే పరిచారంటే 50 హెర్ట్‌జ్ హమ్ నాటకమంతా వెంటాడుతుంది. కరెంటు తీగను దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, దాని వెంబడి పరచొద్దు.

స్టేజీ మీద పైనుంచి వేలాడదీసే మైకులు కండెన్సర్ రకమైతే (కరెంటు అందితేనే పనిచేసేవి) వాటికి మిక్సర్ నుంచి మైకు వైరులోనే వెళ్లే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ కావాలి. చేతిలో పట్టుకునే మామూలు డైనమిక్ మైకుకు అక్కర్లేదు. అయితే సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో ఉంటే దానికి నష్టమూ లేదు. చాలా చిన్న మిక్సర్లలో అన్ని ఛానళ్లకూ కలిపి ఒకటే స్విచ్ ఉంటుంది. వైర్లన్నీ గుచ్చాక, మాస్టర్ కిందికి ఉన్నప్పుడే దాన్ని నొక్కండి.

ఇక అసలు పని గెయిన్. ఒక్కో ఛానల్ విడిగా తీసుకోండి. పీఎఫ్‌ఎల్ అనో సోలో అనో రాసి ఉన్న బటన్ నొక్కితే ఆ ఒక్క మైకు మీటరు మీద కనిపిస్తుంది, హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఇక్కడ "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" పనికిరాదు. మాట్లాడే గొంతుకూ పద్యం ఎత్తుకున్న గొంతుకూ పోలికే లేదు. మేకప్ వేసుకుంటున్న నటుణ్ణి బతిమాలైనా పిలిపించి, "అన్నా, పై స్థాయిలో ఒక్క రాగం తీయండి" అని అడగండి. తను నిలబడే చోటే నిలబడి పాడాలి. అర అడుగు దూరం అడుగైతే చాలు, మైకుకు అందే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది.

ఆయన పాడుతుండగా గెయిన్ మెల్లగా పెంచండి. అనలాగ్ మిక్సర్‌లో మీటరు 0 దగ్గర ఆడుతూ, రాగం ఎత్తుకున్నప్పుడు +6 దాకా వెళ్తే సరిపోతుంది. ఎర్ర లైటు వెలగకూడదు. మీటరు లేని మిక్సర్‌లో గొంతు గట్టిగా లేచినప్పుడు ఎర్ర లైటు మిణుక్కుమనేదాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పండి. డిజిటల్ మిక్సర్‌లో లెక్క వేరు. దాంట్లో 0 అంటే హద్దు, మామూలు గొంతు -18 దగ్గర ఉండాలి. గెయిన్ దగ్గరే గొంతు చీలిపోతే ఫేడర్ దించి లాభం లేదు, మాడిన అన్నాన్ని గిన్నె మార్చి వడ్డించినట్టే.

గెయిన్ కుదిరాక ఫేడర్‌ను 0 గుర్తు దగ్గర పెట్టి, మాస్టర్‌ను నెమ్మదిగా ఎత్తండి. ఫేడర్ 0 దగ్గర ఉంటే వేలంత కదిలించినా మార్పు సన్నగా ఉంటుంది. అట్టడుగున ఉంటే గోరంత కదిలించినా గొంతు ఎగిసిపడుతుంది. ఇంకో సంగతి: నటులకు వినిపించే మానిటర్‌కు సిగ్నల్ గెయిన్ తర్వాతే వెళ్తుంది. నాటకం మధ్యలో గెయిన్ ముట్టుకుంటే జనానికే కాదు, స్టేజీ మీద కూడా సౌండు మారిపోతుంది. కాబట్టి నాటకం మొదలయ్యాక చేయి ఫేడర్ల మీదే ఉండాలి.

గొంతు వచ్చే ఛానళ్లన్నిటికీ, అడుగు శబ్దాలను కోసేసే లో కట్ బటన్ నొక్కేయండి. 80, 100 హెర్ట్‌జ్ కింద గొంతులో పెద్దగా ఏమీ ఉండదు, అక్కడ ఉండేది గాలి, చెక్కల మీద అడుగుల దడదడ. గాలిమరలు పెట్టేంత గాలి వీచే ప్రాంతం కదా, మైకులకు స్పాంజి టోపీలు కూడా తొడగండి. తబలా జతలో బరువైన శబ్దమిచ్చే బాయాకు మాత్రం లో కట్ వద్దు, దాని లోతంతా పోతుంది. బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు నడిమికి పెట్టి మొదలుపెట్టండి. గొంతు 'బొంయ్' అంటుంటే బాస్ తగ్గించండి. స్పష్టత లేదని ట్రెబుల్ పెంచడం కన్నా ఈ తగ్గింపే మేలు.

బాక్సుల సౌండు మళ్లీ మైకులోకే దూరి తిరుగుతుంటే వచ్చే ఈలే కూత. అది రావడానికి మొదటి కారణం బాక్సులు పెట్టిన చోటు. అవి మైకుల కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మానిటర్ మైకు వీపు వైపు ఉండాలి. రెండోది, వాడని మైకులు తెరిచి ఉంచడం. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచుకోగల సౌండు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్కడే పాడుతుంటే మిగతా ఇద్దరి మైకులు దించండి. అప్పటికీ ఈల వేస్తే హెడ్‌ఫోన్‌లో ఒక్కో ఛానల్ విని దొంగను పట్టుకోవచ్చు.

కార్డ్‌లెస్ మైకు ఉంటే నాటకానికి ముందే కొత్త సెల్లులు వేయండి. రిసీవర్ స్టేజీకి కనపడేలా ఉండాలి, రెండు మైకులు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండకూడదు. ఇక రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్‌కు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అడ్డొస్తాయి, ఆ అనుమతి సంగతి కమిటీ వాళ్లను ముందే చూసుకోమనండి.

అంతా అయ్యాక ముందు యాంప్లిఫయర్ ఆపండి, తర్వాత ఫాంటమ్, ఆ తర్వాత మిక్సర్. మైకు వైర్లు చివర్లో పీకండి.