మెటల్ డిటెక్టర్ గేటు ఊరికే మోగుతోందా?

డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్ మొరాయిస్తే అందరూ చేసే మొదటి పని సెన్సిటివిటీ తగ్గించేయడం. కూత ఆగుతుంది, నిజమే. మర్నాడు జేబులో చాకు పెట్టుకొచ్చినా ఆగే ఉంటుంది.

సమస్య: ఎవరూ దాటకపోయినా మోగుతోంది

తప్పు చాలాసార్లు గేటుది కాదు, పక్కనున్నదానిది. గేటు పలకలోని తీగచుట్ట సెకనుకు వందలసార్లు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి ఆపుతుంది. దగ్గర్లో లోహముంటే అందులో సుడి ప్రవాహాలు (సుళ్ళు తిరిగే కరెంటు) లేస్తాయి, వాటి జాడను గేటు పసిగడుతుంది. ఆ లోహం మనిషి జేబులో ఉందా, పక్క షట్టర్‌లో ఉందా అన్నది దానికి అనవసరం. కదలని ఇనుముతో ఎలాగో సర్దుకుపోతుంది, ఊగే ఇనుముతోనే తంటా. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరంతోనే వెతికితే, పరుపులోని ఉక్కు తీగలు అడ్డం పడ్డాయి. మనమెంత!

ఒక పెళ్ళిలో కుడి పలక మీద మోకాలి ఎత్తు లైటు (లోహం ఏ ఎత్తులో ఉందో చూపేది) ఉండుండి వెలిగేది. గంటసేపు వైర్లు పీకి చూశాం. తీరా గాలికి కదులుతున్న షామియానా ఇనుప గుంజ!

పరిష్కారం: గేటు ఖాళీగా ఉంచి బారికేడ్, షట్టర్, ఇనుప కుర్చీ ఒక్కోటీ కదిపి చూడండి. లైటు వెలిగించినదాన్ని దూరం జరపండి. గేటే ఊగుతుంటే నేలకు బిగించండి. పక్కన ఇంకో గేటుంటే దాన్ని ఆపి చూడండి. కూత ఆగితే రెండింటికీ వేర్వేరు ఫ్రీక్వెన్సీ పెట్టాలి.

సమస్య: అందరికీ మోగుతోంది

జనం ఒకరినొకరు తోసుకుంటూ దాటుతున్నారేమో చూడండి. ఒక్కొక్కరినే వదలండి. నడుము దగ్గర లైటు వెలిగితే బెల్టో వడ్డాణమో అయ్యుండొచ్చు, హ్యాండ్ డిటెక్టర్‌తో ముందు అక్కడే చూడండి.

సమస్య: చాకు పెట్టినా మోగట్లేదు

ఇదే అసలు ప్రమాదం. పొద్దున్నే ఒకరు చిన్న స్టీలు చాకు చీలమండ దగ్గర, నడుము దగ్గర, తల దగ్గర పెట్టుకుని దాటాలి. గేటు మధ్యలోంచే దాటాలి, పట్టు బలహీనంగా ఉండేది అక్కడే. ఇనుప చాకుతో సరిపెట్టకండి, స్టెయిన్‌లెస్ స్టీలును పట్టుకోవడమే కష్టం. మోగేదాకా సెన్సిటివిటీ పెంచి, ఆ అంకె రిజిస్టర్లో రాయండి, ఎవరూ మళ్ళీ తగ్గించకుండా గేటు పాస్‌వర్డ్ మార్చండి.

హ్యాండ్ డిటెక్టర్ కూత నీరసపడితే ముందు బ్యాటరీ మార్చండి. పేస్‌మేకర్ ఉందని ఎవరైనా చెబితే హ్యాండ్ డిటెక్టర్‌ను వాళ్ళ ఛాతీ మీద ఆనించొద్దు, చేత్తో తడిమి పంపండి.