పాత కారును పట్టాలెక్కించడం ఎలా?

1931లో అమెరికాలోని కొలరాడో కొండల్లో రియో గ్రాండ్ సదరన్ అనే చిన్న రైల్వే కంపెనీ దివాలా అంచున ఉంది. లైను పొడవు 260 కిలోమీటర్లు. ఎక్కేవాళ్లు తగ్గిపోయారు, కానీ టపా మోసే కాంట్రాక్టు మాత్రం చేతిలో ఉంది. నలుగురు మనుషులకీ నాలుగు ఉత్తరాల సంచులకీ స్టీమ్ ఇంజన్ రాజేస్తే మిగిలేదేముంది? అప్పుడు ఆ కంపెనీ చీఫ్ మెకానిక్ జాక్ ఓడెన్‌బా ఒక బ్యూయిక్ కారు తీసుకుని, ఇనుప చక్రాలు బిగించి, వెనక సామాను పెట్టె కట్టి పట్టాల మీద పెట్టేశాడు. అది పనిచేసింది. తర్వాతవి ఎక్కువగా పియర్స్-యారో కార్ల బాడీలతో చేశారు. ఆ లైను కోసం అలాంటివి మొత్తం ఏడు తయారయ్యాయి. ఎగుడుదిగుడు పట్టాల మీద అటూ ఇటూ ఊగుతూ పోతుంటే జనం వాటికి 'గ్యాలపింగ్ గూస్' అని పేరు పెట్టారు. దౌడు తీసే బాతు అన్నమాట. 1950ల మొదట్లో లైను మూతపడింది కానీ బాతులు చాలావరకు బతికే ఉన్నాయి. గోల్డెన్ ఊళ్లోని కొలరాడో రైల్‌రోడ్ మ్యూజియంలో మూడింటిని చూడొచ్చు.

నేను అక్కడ ఒకదాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు కిందకి చూశాను. కారును రైలు చేయడమంటే ఇంజన్ పని అనుకుంటాం. కాదు. ఇంజన్ దాదాపు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. అసలు పనంతా చక్రాల దగ్గర, బ్రేకుల దగ్గర. ఇక్కడ చెప్పే కొలతలు అమెరికాలో ఎక్కువగా ఉండే స్టాండర్డ్ గేజ్ లైనుకు (పట్టాల మధ్య దూరం 1435 మి.మీ.) సంబంధించినవి.

ముందు, ఆ పట్టాలు ఎవరివి?

గడ్డి మొలిచింది కదా అని పట్టాలకు యజమాని లేడనుకోకండి. అమెరికాలో రైళ్లు ఆగిపోయిన లైను వేరు, చట్టప్రకారం వదిలేసిన లైను వేరు. మొదటి రకం మీద రేపే ఓ ఇంజన్ రావచ్చు. రెండో రకానికి కూడా ఎవరో ఒకరు సొంతదారు ఉంటారు: రైల్వే కంపెనీయో, కౌంటీయో, పక్క పొలం రైతో. రాతపూర్వకంగా అనుమతి లేకపోతే అది చొరబాటే. ఒంటరిగా తిప్పలు పడే కన్నా పాత ట్రాక్ మోటార్‌కార్లు (రైల్వే సిబ్బంది లైను చూసుకోవడానికి తిరిగిన చిన్న మోటారు బండ్లు) నడిపే సంఘాల్లో చేరడం తేలిక. నార్కోవా అనే సంఘం రైల్వేలతో మాట్లాడి లైన్లు తీసుకుని ట్రిప్పులు వేస్తుంది. దానికి సొంత రూల్ బుక్కు, డ్రైవర్లకు పరీక్ష, ఇన్సూరెన్సు అన్నీ ఉన్నాయి. మీ కారును వాళ్లు ఒప్పుకుంటారా లేదా అన్నది కారు కొనకముందే అడగండి.

మన దేశంలో అయితే ఈ ముచ్చట కాగితం మీదే తీర్చుకోవడం మంచిది. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా రైల్వే స్థలంలో అడుగుపెట్టడమే నేరం. పైగా మన మీటర్ గేజ్ లైన్లు చాలావరకు బ్రాడ్ గేజ్‌గా మారిపోయాయి, పాత పట్టాలు లేపేశారు. దొరుకుతాయనుకున్నా కొలత కుదరదు. బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. అంబాసిడర్ కారు ఎడమ టైరు నడిమి నుంచి కుడి టైరు నడిమికి దాదాపు 1350 మి.మీ. పట్టాల తల (చక్రం ఆనే పైభాగం) నడిమి అందుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు జానెడు తక్కువవుతుంది.

లైను మొత్తం కాలినడకన చూడండి

ఇది తప్పించుకోలేని పని, బోరు కొట్టే పని కూడా. చేతిలో గేజ్ కొలిచే కర్ర, ఓ పొడవాటి స్క్రూడ్రైవర్, రంగు డబ్బా పెట్టుకుని నడవండి. పట్టాల లోపలి అంచుల మధ్య 1435 మి.మీ. ఉండాలి. కానీ మీరు కొలిచేటప్పుడు పట్టాల మీద బరువు లేదు. చెక్క స్లీపరు కుళ్లి ఉంటే, బరువు పడగానే పట్టా బయటికి ఒరుగుతుంది, చక్రం లోపలికి జారిపోతుంది. అందుకే మేకు పక్కన స్లీపరులో స్క్రూడ్రైవర్ పొడిచి చూడాలి. మంచి చెక్కలో మొన మాత్రమే దిగి ఆగుతుంది. నేను చూసిన ఒక వంపులో పిడి దాకా దిగిపోయింది, లాగితే తడి మట్టి లాంటి పొట్టు బయటికొచ్చింది. పైనుంచి చూస్తే ఆ స్లీపరు దిట్టంగానే ఉంది. అలాంటివి వరసగా మూడు కనిపిస్తే అక్కడ రంగు కొట్టి, దాన్నే మీ లైనుకు చివర అనుకోండి.

వాగుల దగ్గర ఇంకో మోసం ఉంటుంది. కింద కంకర, మట్టి కొట్టుకుపోయినా పట్టాలూ స్లీపర్లూ గాలిలో ఊయలలా వేలాడుతూనే ఉంటాయి. దూరం నుంచి లైను చక్కగా కనిపిస్తుంది. ప్రతి తూముకూ కిందకి దిగి చూడాల్సిందే. వంతెన ఉంటే ఇంజనీరు చెప్పేదాకా దాని మీదకి పోవద్దు.

ఏ కారు?

పట్టా తల వెడల్పు సుమారు 70 మి.మీ. అంటే రెండు పట్టాల నడిమి నుంచి నడిమికి దాదాపు 1505 మి.మీ. కారు చక్రాల మధ్య దూరం దీనికి ఎంత దగ్గరగా ఉంటే పని అంత తేలిక. వెనక గట్టి ఇరుసు, కింద విడి ఛాసిస్ ఉన్న పాత పికప్పో, స్టేషన్ వ్యాగనో వెతకండి. ఛాసిస్ ఉంటే దేన్నైనా వెల్డింగ్ చేసి బిగించొచ్చు. ఛాసిస్ లేకుండా రేకు బాడీ మీదే నిలబడే కొత్త కార్లతో నానా అవస్థ.

జీపు చక్రాలు స్టాండర్డ్ గేజ్‌కు ఇరుకు. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలు వాటికి గేజ్‌కు సరిపోయే ఇనుప చక్రాలు బిగించి చాలాచోట్ల వాడాయి. 1944లో బర్మాలో స్టీమ్ ఇంజన్లు పాడైపోయిన మీటర్ గేజ్ లైను మీద వ్యాగన్లు లాగింది జీపులే.

చక్రాలు: రెండు దారులు

మొదటి దారి బాతు దారి. టైర్లు తీసేసి ఫ్లాంజ్ ఉన్న ఇనుప చక్రాలు బిగించడం. ఫ్లాంజ్ అంటే చక్రం లోపలి వైపు గట్టులా పైకి లేచి ఉండే అంచు. చక్రాన్ని పట్టా మీద నిలిపేది అదే. రెండో దారిలో రబ్బరు టైర్లు అలాగే ఉంటాయి. కారు ముందూ వెనకా చిన్న ఇనుప చక్రాలు కిందకి దించుతారు. అవి దారి చూపిస్తాయి, టైర్లు పట్టా మీద ఆని బండిని తోస్తాయి. రైల్వే వాళ్ల మరమ్మతు బండ్లు చాలావరకు ఇలాంటివే. లెవెల్ క్రాసింగ్ దగ్గర పట్టాలెక్కి, పని అయ్యాక మళ్లీ రోడ్డెక్కి ఇంటికి పోవచ్చు. డబ్బుంటే రెండో దారే మేలు. కానీ ఆ చిన్న చక్రాల మీద ఎంత బరువు పడాలన్న లెక్క సున్నితమైనది. తక్కువైతే పట్టా తప్పుతుంది, ఎక్కువైతే టైరు పైకి తేలి బండి కదలదు. ఇంటి షెడ్డులో చేసేవాళ్లకు మొదటిదే అందుబాటులో ఉంటుంది.

పాత ట్రాక్ మోటార్‌కార్ల చక్రాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఫెయిర్‌మాంట్ కంపెనీ బండ్లకు 16 అంగుళాలవి మామూలు. కానీ అవి తేలిక బండి కోసం చేసినవి, కాబట్టి ఎంత బరువు మోస్తాయో కనుక్కోకుండా కొనొద్దు. కారు హబ్‌కూ (ఇరుసు కొసన చక్రం బిగించే భాగం) ఈ చక్రానికీ మధ్య మందపాటి ఉక్కు అడాప్టర్ ప్లేటు కావాలి. అది మంచి లేత్ పనివాడి చేత చేయించండి. హబ్ నడిమీ చక్రం నడిమీ వెంట్రుకవాసి తేడా ఉన్నా బండి కుదుపు ఆపలేం. బిగించాక ఎదురెదురు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం మీ లైను ప్రమాణానికి సరిపోవాలి. ఇది తప్పితే పాయింట్ల దగ్గర, అంటే ఒక లైను రెండుగా చీలే చోట, చక్రం చీలిక లోపలికి దూరదు, పైకెక్కుతుంది.

టైరు 63 సెం.మీ. అయితే 16 అంగుళాల చక్రం 40 సెం.మీ.కి కాస్త ఎక్కువ. బండి పదకొండు సెం.మీ. కిందకి దిగుతుంది. ఆయిల్ సంపు, సైలెన్సరు దేనికీ తగలకుండా చూసుకోండి. స్పీడోమీటరు కూడా అబద్ధం చెబుతుంది. ముల్లు 50 చూపిస్తుంటే మీరు వెళ్తున్నది 32.

స్టీరింగ్‌కు తాళం

స్టీరింగ్ ఇక అలంకారమే. ముందు చక్రాలను తిన్నగా పెట్టి, టై రాడ్‌ను (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) ఇరుసుకు ఉక్కు బద్దీతో కట్టేయండి. స్టీరింగ్ లాక్‌ను నమ్ముకోవద్దు. కార్లకు రోడ్డు మీద నిలకడ కోసం ముందు చక్రాలను కొద్దిగా లోపలికి తిప్పి ఉంచుతారు. ఇక్కడ ఆ టో-ఇన్ సున్నా చేయాలి, కాంబర్ (చక్రం పక్కకి వాలి ఉండటం) కూడా సున్నా. లేకపోతే ఒక ఫ్లాంజ్ పట్టాను గంటల తరబడి గీకుతూ పోతుంది, గీకే ఫ్లాంజే ఎప్పుడో ఒకప్పుడు పట్టా ఎక్కుతుంది.

స్ప్రింగులు మెత్తగా ఉండాలి. ఎగుడుదిగుడు గచ్చు మీద నాలుగు కాళ్ల కుర్చీ వేస్తే ఒక కాలు లేస్తుంది కదా, ఒక పట్టా కుంగిన చోట కారుదీ అదే గతి. ముక్కాలి పీటకు ఆ బాధ లేదు. అందుకే ముందు ఇరుసును నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా బిగిస్తే, పాత పట్టాల మీద నాలుగు చక్రాలూ ఆనే ఉంటాయి.

బ్రేకులు

ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ. రైలు తొందరగా ఆగలేకపోవడానికి ఇదే కారణం. పొడి తారు రోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.7 అనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే 5 మీటర్లలో ఆగుతారు. పొడి పట్టా మీద 0.2 అనుకుంటే 18 మీటర్లు. పొద్దున్నే మంచు పడో, రాలిన ఆకులు నలిగి జిగురై పట్టాకు అంటుకునో 0.1కి పడిపోతే 35 మీటర్లు. వేగం 60కి పెంచితే ఆ తడి పట్టా మీద 140 మీటర్లు దాటుతుంది. కాలు బ్రేకు మీదకి వెళ్లే టైము ఇందులో లేదు. పక్కకి తిప్పి తప్పించుకునే వీలూ లేదు.

గట్టి బ్రేకులు పెడితే సరిపోతుంది అనుకుంటాం. అవి చక్రాన్ని ఇంకా త్వరగా బిగబడతాయి, అంతే. బిగిసిన చక్రం పట్టా మీద ఈడ్చుకుపోయి ఒకచోట చదునవుతుంది. ఆ తర్వాత జీవితాంతం టకటకమని కొడుతూనే ఉంటుంది. కాబట్టి మెల్లగా, ముందుగా, కొద్దికొద్దిగా తొక్కాలి. రైలింజన్లు చేసే పనే మీరూ చేయండి: ఒక డబ్బాలో పొడి ఇసుక నింపి, తోసే చక్రాల ముందు పట్టా మీద పడేలా గొట్టం పెట్టి, సీటు పక్కన తీగ లాగితే తెరుచుకునేలా చేయండి. నాకు కారు మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే, ఖర్చు దాదాపు సున్నా.

వేగం 25 దాటకండి.

వెనక్కి తిప్పడం

కారుకు రివర్స్ గేరు ఒక్కటే. పది కిలోమీటర్లు మెడ తిప్పుకుని రావడం నరకం. ఛాసిస్ కింద బరువు సమంగా నిలిచే చోట ఒక హైడ్రాలిక్ జాకీ, దాని మీద తిరిగే పళ్లెం పెట్టించుకోండి. జాకీ దించి, చక్రాలు పట్టాకు రెండంగుళాలు పైకి వచ్చేలా కారును లేపితే ఇద్దరు మనుషులు తిప్పేయగలరు. కంబోడియాలో బట్టంబాంగ్ దగ్గర వెదురు బల్లలతో చేసిన 'నోరీ' అనే బండ్లకు ఈ గొడవ లేదు. ఒకే పట్టాల మీద ఎదురెదురు వస్తే, సరుకు తక్కువున్న దాన్ని విప్పి పక్కన పెట్టి రెండోదానికి దారి ఇచ్చేవాళ్లు.

మొదటి పరుగు

లెవెల్ క్రాసింగ్‌లో మీరు రైలు కాదని గుర్తుంచుకోండి. సిగ్నళ్లు పనిచేసే లైనైనా, తేలిక బండి వచ్చిందని గేటు పడుతుందన్న నమ్మకం లేదు. సిగ్నల్ రైలును పసిగట్టేది చక్రాల గుండా ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు పారే కరెంటుతోనే. ట్రాక్ మోటార్‌కార్లకు చాలావాటికి చక్రాల మధ్య కరెంటు పారకుండా చేస్తారు, కాబట్టి సిగ్నల్‌కు అవి కనిపించవు. రోడ్డు మీద వచ్చేవాడు అక్కడ ఏదైనా వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూడలేదు. ఆగండి, ఒకరు దిగి ఎర్రజెండాతో రోడ్డు ఆపాలి, అప్పుడు దాటాలి.

దాటే ముందు పట్టా లోపలి పక్క ఫ్లాంజ్ పోయే గాడి చూడండి. తారో, ట్రాక్టర్ టైర్ల మట్టో గట్టిపడి నిండిపోయి ఉంటుంది. టన్నుల బరువున్న ఇంజన్ దాన్ని నలిపేసుకుని పోతుంది. మీ కారు చక్రం మీద ఉన్నది మహా అయితే నాలుగైదు వందల కిలోలు, అది గాడి పైకెక్కి పక్కకి దిగుతుంది. గునపంతో గాడి పొడుగునా గీకి, చేత్తో ఊడ్చాకే ముందుకు పోనివ్వండి. ఒక క్రాసింగ్‌కు అరగంట పట్టినా పట్టనివ్వండి.

మొదటి రెండు కిలోమీటర్లు నడిచే వేగంతో పోయి ఆపండి. చక్రాల నట్లన్నీ టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. ఒకటి రెండు వదులయ్యే ఉంటాయి. తర్వాత ఒక్కో హబ్ మీద అరచేయి పెట్టి చూడండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆ చక్రం ఎక్కడో రాసుకుంటోంది. ఆ పూటకి అక్కడితో ఆపి, కారును లేపి తిప్పుకుని, వెలుతురు ఉండగానే షెడ్డుకు చేరండి.