మనస్సు నూతనమగుట – నాలుగో పాఠం: మురుగు పోయే దారి

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. రోజుకి మూడుసార్లు ఆగి, "ఇప్పుడు నా మనసులో ఏం నడుస్తోంది?" అని అడుక్కోమన్నాను. పొద్దున్న టీ తాగాక, మధ్యాహ్నం కంచం ముందు కూర్చునేటప్పుడు, రాత్రి లైటు ఆర్పే ముందు. చేసినవాళ్ళకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. మొదటి రెండు రోజులూ "ఏమీ లేదే" అనిపిస్తుంది. మూడో రోజుకి గాని తేలదు, ఒకే ఆలోచన పొద్దున్నుంచి గానుగెద్దులా తిరుగుతోందని. చేయనివాళ్ళు ఈ పాఠం ఇక్కడే ఆపి, ఒక వారం అది చేసి రండి. నేనేమీ అనుకోను. ఆ పని చేయకుండా ఇది చదివితే మాత్రం ఇంకో ప్రసంగం విన్నట్టే అవుతుంది.

పట్టుకున్న ఆలోచనని ఏం చేయాలో ఈ వారం చూద్దాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచి కాటన్ దొర తెచ్చిన నీళ్ళ గురించి మనం చెప్పుకుంటూనే ఉన్నాం, చెప్పుకోవాలి కూడా. కానీ మురుగు మోసే నక్కల డ్రెయిన్ పక్కనో, యనమదుర్రు డ్రెయిన్ పక్కనో ఎకరం పల్లపు చేను ఉన్నవాణ్ణి కదిపి చూడండి. కాలువ మాట రెండు నిమిషాలు, మురుగు మాట అరగంట చెబుతాడు. సార్వా, అంటే వానాకాలం వరి, నాట్లు వేసి రెండు వారాలైన చేలో వాన నీళ్ళు దిగకుండా నిలిచిపోతే మొక్క కుళ్ళిపోతుంది. మురుగు కోడులో గుర్రపుడెక్క పేరుకుపోతే పైనుంచి ఎంత మంచి నీళ్ళొచ్చినా ఆ చేనుకి కీడే.

మనకి వాక్యం కొదవా? ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస కూడిక, సంక్రాంతి దాటాక సువార్త సభలు, ఇవి చాలవన్నట్టు ఫోన్లో ఎవరో ఒకరి ప్రసంగం. కాలువ నిండుగానే పారుతోంది. ఇరవై ఏళ్ళుగా వింటున్నా తోడికోడలి మాట ఎత్తగానే మొహం ఎందుకు మాడిపోతుందంటే, లోపలి మురుగు బయటికి పోయే దారి మనం తవ్వుకోలేదు.

రోమా పత్రిక 12వ అధ్యాయం రెండో వచనం మొదటి పాఠంలోనే కంఠతా పట్టమన్నాను. "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి." అందులో "పొందుడి" అనే మాట దగ్గర కాస్త ఆగండి. "చేసికొనుడి" అని లేదు. పౌలు రాసిన గ్రీకులో కూడా అంతే. మార్చేది దేవుడు, మార్పుకి ఒప్పుకునేది మనం. పైగా ఆ క్రియ ఒక్కసారి జరిగి అయిపోయే పనిని చెప్పేది కాదు, జరుగుతూ ఉండే పనిని చెప్పేది. మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్న తేదీ మనలో చాలామందికి గుర్తుంటుంది. ఈ రెండో పనికి అలాంటి తేదీ ఉండదు. ప్రతి వేసవిలోనూ కాలువలు కట్టేసి నీళ్ళలో పెరిగిన తూడు తీసినట్టు, తీస్తూ ఉండాల్సిందే.

ఇప్పుడు నా ఆలోచనలు రాసుకునే పుస్తకంలోంచి ఒక పేజీ చూపిస్తాను. సిగ్గుగానే ఉంది గానీ, వేరేవాళ్ళది చూపించే హక్కు నాకు లేదు.

మా చిన్నాన్నగారి అబ్బాయికి రొయ్యల చెరువు మీద నాలుగు డబ్బులొచ్చి కారు కొన్నాడు. ప్రార్థన చేయించడానికి అందర్నీ పిలిచాడు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఆ ఆమెన్ నోట్లో ఉండగానే మనసులో వచ్చిన మాట: "ఒక్కసారి తెల్లమచ్చ వస్తే తెలుస్తుంది నీకు." తెల్లమచ్చ అంటే చెరువులో రొయ్యల్ని చంపేసే తెగులు.

రాత్రి పుస్తకంలో ముందు ఇలా రాశాను: "ప్రభువా, నాలో అసూయ అను దుర్గుణమున్నది." రాసి చదువుకుంటే ఏమీ అనిపించలేదు. ఎవరి పాపమో పేపర్లో చదివినట్టుంది. కొట్టేసి, ఆలోచన ఏ మాటల్లో వచ్చిందో ఆ మాటల్లోనే రాశాను. అప్పుడు గుచ్చుకుంది.

ఈ పాఠంలో మొదటి మెళకువ ఇదే. మనం ప్రార్థన గ్రాంథికంలో చేస్తాం, కుళ్ళుకోవడం మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలో కుళ్ళుకుంటాం. అందుకే ఒప్పుకోలుకి, ఒప్పుకోవాల్సినదానికి మధ్య దూరం ఉండిపోతుంది. 42వ కీర్తన చూడండి. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని కీర్తనకారుడు తన ప్రాణాన్నే నిలబెట్టి అడుగుతున్నాడు. మీరూ అడగండి, మీ యాసలోనే అడగండి. "ఏమే, దేనికే అంత మంట?" అన్నా దేవుడు నొచ్చుకోడు.

అడిగితే రెండో పొర బయటపడుతుంది. నా విషయంలో ఆ కారు మీద నాకేమీ ఆశ లేదు, నాకు డ్రైవింగే రాదు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన గడువు నెల్లోకొచ్చింది, చేతిలో సగమే ఉంది. ఆ టెన్షన్ కారు రూపంలో బయటపడింది. దాని కింద ఇంకో పొర: "దేవుడు వాణ్ణి చూశాడు, నన్ను చూడలేదు." అసలు మురుగు అక్కడుంది. అసూయ పైన తేలిన తూడు మాత్రమే. పైపైన ఏరేస్తే వారానికి మళ్ళీ పరుచుకునేది.

ఇక ఫిలిప్పీ 4:8 తీయండి. ఆ పత్రిక పౌలు బంధకాల్లో ఉండి రాసింది, అది మరచిపోవద్దు. ధ్యానముంచుకోమన్న వాటిల్లో మొట్టమొదటిది "ఏవి సత్యమైనవో". "రమ్యమైనవి" చాలా వెనక వస్తుంది. పాజిటివ్ థింకింగ్ అని ఈ మధ్య మన సంఘాల్లోకీ వచ్చింది, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఫీజుకి సగం డబ్బు తక్కువైనవాణ్ణి "అంతా బాగుంది" అనుకోమంటే ఆ మాటే అబద్ధమవుతుంది. లేఖనం ముందు నిజం అడుగుతుంది.

"దేవుడు నన్ను చూడలేదు" అన్నది నిజమేనా? ఎడమ పేజీలో ఆ వాక్యం రాసి, కుడి పేజీలో జరిగినవి మాత్రం రాశాను. రెండేళ్ళ కిందట నాకు ఆపరేషన్ అయింది, బతికాను. అమ్మాయికి సీటు వచ్చింది. ఇంతవరకూ ఏ ఫీజూ ఆగలేదు, ఆలస్యమయ్యాయి అంతే. రాస్తూ ఉంటే నేను అడగని నిజం ఒకటి వచ్చి కూర్చుంది: కారు కొన్న ఆ తమ్ముడికి అంతకుముందు వరసగా రెండు పంటలు పోయాయి. అప్పుడు చెరువు గట్టు మీద వాడొక్కడే కూర్చునేవాడు. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆ పేజీ అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత చేయాల్సింది పుస్తకంలో చేసే పని కాదు కదా. తర్వాతిసారి వాడి చెరువులో రొయ్యలు పట్టే రోజు తెల్లవారుజామున మూడింటికి వెళ్ళి, ఐసు పెట్టెలు మోసి వచ్చాను. "ఏంటన్నయ్యా, నువ్వొచ్చావేంటి?" అన్నాడు. జవాబు చెప్పలేదు. యాకోబు పత్రికలో "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని ఉంది గానీ, మనసులో అనుకున్న ప్రతిదీ అనుకున్న మనిషికే చెప్పేయమని దాని అర్థం అనుకోను. "నీకు తెల్లమచ్చ రావాలనుకున్నాను" అని వాడితో చెబితే నా బరువు దిగి వాడి నెత్తికెక్కుతుంది. ఆ మాట నేను నోరు జారని ఒక పెద్దాయనకి చెప్పి, ఆయనతో కలిసి ప్రార్థన చేశాను. మీరూ అలాంటి ఒకర్ని చూసుకోండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళతోనే చెప్పుకుంటే మంచిది. గుంపు ప్రార్థనలో "అందరూ నా కోసం ప్రార్థించండి" అంటూ వివరాలు చెప్పకండి. మన ఊళ్ళల్లో అది సాయంత్రానికి చెరువు గట్టు చేరుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, చనిపోదామన్న ఆలోచన వస్తున్నా ఈ పుస్తకం పని ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో ఒకరికి చెప్పి, తోడు తీసుకుని వెంటనే వెళ్ళండి. బీపీకి మాత్ర వేసుకున్నట్టే దీనికీ వేసుకోవచ్చు. అది విశ్వాసం తక్కువై వచ్చిందని ఎవరైనా అంటే వినకండి.

ఈ వారం పని. మూడుసార్లు ఆగడం అలాగే కొనసాగించండి. వారంలో ఒక్క ఆలోచన చాలు, ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఎంచుకోండి. ఎడమ పేజీలో అది వచ్చిన మాటల్లోనే రాయండి, బూతు ఉంటే బూతే. కింద "దేనికి?" అని రెండుసార్లు అడిగి జవాబులు రాయండి. మూడోసారి అడగకండి, అక్కడ్నుంచి మనం కథలల్లడం మొదలుపెడతాం. కుడి పేజీలో జరిగినవి మాత్రమే, కనీసం మూడు. వచనాలు ఆ తర్వాత. వచనంతో మొదలుపెడితే గాయం కడగకుండా కట్టు కట్టినట్టవుతుంది.

కుడి పేజీలో మీకు ఇబ్బంది కలిగించే నిజం ఏదైనా వస్తే చెరిపేయకండి, కింద గీత గీసి ఉంచండి. ఐదో పాఠం ఆ గీత దగ్గర్నుంచే మొదలవుతుంది.