వేసవి మొదట్లో ఏసీ వేశాక అది సరిగా పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

శివరాత్రి దాటి ఎండ ముదరడం మొదలుకాగానే, నెలల తరబడి మూలన పడి ఉన్న ఏసీలకు మళ్లీ పని పడుతుంది. స్విచ్ వేస్తారు. గాలి ఆశించినంత చల్లగా అనిపించదు. మెకానిక్‌కు ఫోను చేస్తారు. ఆయన ఉదయం తొమ్మిదింటికి వచ్చి, బయట యూనిట్‌కు గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీ తగిలించి, రెండు నిమిషాలు చూసి, "గ్యాస్ తగ్గిందండీ, నింపాలి" అంటాడు. డబ్బు ఇచ్చేస్తారు. మే నెల వచ్చేసరికి మళ్లీ అదే కథ. ఏటా ఎన్నో ఇళ్లలో ఇదే చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధే కలుగుతోంది.

ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా వాడితే తరిగిపోయేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అది తిరుగుతూనే ఉంటుంది, పదేళ్లయినా అంతే ఉంటుంది. నిజంగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటును వెతకకుండా నింపడం శుద్ధ దండగ. కాబట్టి ఎవరికైనా ఫోను చేసే ముందు, మీ ఏసీ ఎంత చల్లబరుస్తోందో మీరే కొలిచి చూసుకోవాలి. అరగంట పని. ఇక్కడ చెప్పేదంతా గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ గురించి.

కావలసినవి

తీగ చివర సన్నని కడ్డీ ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి, టార్చిలైటు, మెత్తని బ్రష్, అర లీటరు నీళ్లు, కాగితం, పెన్ను. పిస్తోలులా గురిపెట్టి కొలిచే థర్మామీటర్ కొనకండి. అది ఎదురుగా ఉన్న వస్తువు ఉపరితలపు వేడిని చెబుతుందే తప్ప గాలి వేడిని చెప్పదు.

ముందు శుభ్రం

మెయిన్ దగ్గర ఏసీకి ఉన్న ఎంసీబీని (కరెంటు ఆపే మీటను) దించండి. లోపలి యూనిట్ మూత తెరిచి ఫిల్టర్లు తీసి, కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగిపోతుంది. ఫిల్టర్ వెనక కనిపించే అల్యూమినియం రేకుల మీద దుమ్ము ఉంటే పై నుంచి కిందికి మాత్రమే బ్రష్‌తో దులపండి. అడ్డంగా రుద్దితే రేకులు వంగి గాలికి దారి మూసుకుపోతుంది.

బయట యూనిట్ బాల్కనీలోనో డాబా మీదో చేతికి అందేలా ఉంటే దాని వెనక జాలిని చూడండి. చలికాలంలో పావురాలు గూడు కట్టి ఉండవచ్చు, ఎండుటాకులు, జుట్టు, దారాలు అతుక్కుని ఉండవచ్చు. తీసేయండి. తీగల మీద ఎలుక పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడండి. మూడో అంతస్తు గోడకు వేలాడుతున్న యూనిట్ కోసం కిటికీలోంచి మాత్రం వంగకండి. ఆ పని నడుముకు తాడు కట్టుకుని చేసేవాళ్లది.

డ్రెయిన్ పైపు సంగతి కూడా ఇప్పుడే చూడాలి. లోపలి యూనిట్ కింద నీళ్లు చేరే తొట్టిలోకి అర లీటరు నీళ్లు మెల్లగా పోయండి. మరో మనిషిని బయట పైపు చివర నిలబెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో నీళ్లు ధారగా రావాలి. రాకపోతే పైపులో పాచి పట్టిందనో, చివర పురుగు గూడు పెట్టిందనో అర్థం. ఇప్పుడు వదిలేస్తే జూన్‌లో గోడ మీద నీళ్లు కారతాయి.

ఆరిన ఫిల్టర్లను తిరిగి పెట్టి, మూత వేసి, ఎంసీబీ ఎత్తి ఏసీ వేయండి. బయట యూనిట్‌లో గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ వెంటనే మొదలుకాకపోతే కంగారు పడకండి, దానికి మూడు నిమిషాల దాకా ఆలస్యం ఉంటుంది. ఈలోగా మళ్లీ మళ్లీ ఆపి వేయడం దాన్ని పాడు చేయడమే.

అసలు పరీక్ష

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గాలి ముందు చేయి పెట్టి "చల్లగానే ఉంది", "అంత చల్లగా లేదు" అనడం పరీక్ష కాదు. ఎండలోంచి వచ్చిన చేతికి ఏ గాలి అయినా చల్లగానే ఉంటుంది. ఏసీలోకి వెళ్లే గాలి వేడి ఎంత, బయటికి వచ్చే గాలి వేడి ఎంత, ఆ రెండింటి మధ్య తేడా ఎంత అన్నదే లెక్క.

మొదట సమయం. ఈ పరీక్ష మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య చేయండి. గది కనీసం 28 డిగ్రీలైనా ఉండాలి. ఫిబ్రవరి, మార్చి ఉదయాల్లో బయట చల్లగా ఉంటుంది. చల్లని గాలిలో నిలబడిన యూనిట్‌లో గ్యాస్ ఒత్తిడి సహజంగానే తక్కువ చూపిస్తుంది. ఉదయం తొమ్మిదింటి గేజీ చూసి గ్యాస్ తగ్గిందని తేల్చడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. కంప్రెసర్ వేగాన్ని తానే మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలో చిక్కు ఇంకా ఎక్కువ. గది ఇప్పటికే చల్లగా ఉంటే కంప్రెసర్ వేగం తగ్గించుకుని నిదానంగా నడుస్తుంది. అప్పుడు ఏ కొలత తీసినా అది యంత్రం శక్తిని చెప్పదు.

తర్వాత సెట్టింగులు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలవుతున్నాయి. రోజూ వాడుకోవడానికి అది మంచి అంకె, డిగ్రీ పెంచినకొద్దీ కరెంటు ఆదా అవుతుంది. పరీక్షకు మాత్రం దాన్ని 16 లేదా 18కి దించండి. మోడ్ 'కూల్'లోనే ఉండాలి. ఫ్యాన్ వేగం పూర్తిగా పెంచండి. రెక్కలు పైకీ కిందికీ ఆడకుండా ఆపండి. ఎకో, స్లీప్ వంటివన్నీ తీసేయండి. ఇప్పుడు వస్తున్న చాలా ఏసీల్లో కన్వర్టిబుల్ అనే సౌకర్యం ఉంటోంది. 40 శాతం, 60 శాతం అంటూ శక్తి తగ్గించి నడుపుకోవచ్చు. పోయిన ఏడాది ఎవరో 40 శాతంలో పెట్టి మరిచిపోతే, ఈ ఏడాది ఆ ఏసీకి లేని జబ్బు అంటగడతారు. రిమోట్‌లో అది పూర్తి శక్తికి వచ్చిందని రెండుసార్లు చూసుకోండి.

తలుపులు, కిటికీలు వేయండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, లేకపోతే బయటికొచ్చిన చల్లగాలి వెంటనే పైకెళ్లి లోపలికి వెళ్లే గాలిలో కలిసి అంకెలను చెడగొడుతుంది. ఇరవై నిమిషాలు అలాగే నడవనివ్వండి. ఐదు నిమిషాలకే కొలిచేసి తీర్పు చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇప్పుడు కొలత. ముందు థర్మామీటర్ కడ్డీని యూనిట్ పైభాగాన, గాలి లోపలికి వెళ్లే జాలికి దగ్గరగా పట్టుకోండి. గోడకు గానీ పైకప్పుకు గానీ తగలకూడదు. అంకె కదలడం ఆగేదాకా, అంటే రెండు నిమిషాలు ఆగి రాసుకోండి. తర్వాత గాలి బయటికి వచ్చే నోటి దగ్గర పెట్టండి. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. లోపల పొడవాటి చక్రం వేగంగా తిరుగుతుంటుంది. కడ్డీ గానీ తీగ గానీ దానికి తగిలితే చక్రం విరుగుతుంది, వేలు తగిలితే వేలు తెగుతుంది. నోటి అంచు దాటి లోపలికి తోయవద్దు. పిల్లలను ఈ పనికి దగ్గరికి రానీయవద్దు. ప్లాస్టిక్ రెక్కకు ఆనించకుండా గాలి మధ్యలో పట్టుకుని ఎడమ, నడుమ, కుడి అని మూడు చోట్ల కొలిచి మూడూ రాయండి.

ఒకే థర్మామీటర్‌తో రెండు చోట్లా కొలవాలన్నది నా నియమం. రెండు వేర్వేరు పరికరాలు ఒకదానికొకటి డిగ్రీ తేడా చూపిస్తే మీ లెక్కంతా తారుమారు అవుతుంది. దాని మీద అనుమానం ఉంటే గ్లాసులో ఐసు ముక్కలు నిండుగా వేసి, కొద్దిగా నీళ్లు పోసి, కలిపి అందులో ముంచండి. సున్నా దగ్గర చూపించాలి.

అంకెలు చెప్పేది

లోపలికి 30, బయటికి 18 ఉంటే తేడా 12. నేను పాటించే లెక్క ఇది: హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వంటి పొడి ఊళ్లలో మార్చి మధ్యాహ్నం 11 నుంచి 14 డిగ్రీల తేడా రావాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో 8 నుంచి 10 వచ్చినా ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమను నీరుగా మార్చడానికే యంత్రం శక్తిలో పెద్ద వాటా పోతుంది. తీరంలో ఉండే చుట్టాలు హైదరాబాద్‌లోని అన్నయ్య ఇంటి అంకెతో పోల్చుకుని తమ ఏసీ పాడైందనుకోవడం అన్యాయం. అలాగే హైదరాబాద్‌లో మార్చి నెలలో డ్రెయిన్ పైపు నుంచి నీళ్లు పెద్దగా రావడం లేదని గ్యాస్‌ను అనుమానించకండి. పొడి గాలిలో తేమే లేనప్పుడు నీళ్లెక్కడినుంచి వస్తాయి?

ఎక్కడున్నా సరే, 7 కంటే తక్కువ వస్తే ఎక్కడో లోపం ఉంది. ఎడమ, కుడి అంకెల మధ్య నాలుగైదు డిగ్రీల దూరం ఉన్నా అనుమానించాల్సిందే, రేకుల మధ్య ఉండే గొట్టాల చుట్ట, అంటే కాయిల్‌లో కొంత భాగమే చల్లబడుతుండవచ్చు.

అలా వస్తే బయట యూనిట్ పక్కన ఉండే రెండు రాగి గొట్టాలను చూడండి. ఒకటి లావు, ఒకటి సన్నం. బాగున్న ఏసీలో లావు గొట్టం చల్లగా ఉండి చెమట పట్టినట్టు తడిగా ఉంటుంది. సన్న గొట్టం బిగించే చోట తెల్లగా మంచు పేరుకుని, లావు గొట్టం మామూలుగా ఉంటే గ్యాస్ తగ్గిందనడానికి బలమైన గుర్తు. లోపలి కాయిల్ అంతటా మంచు కట్టి లావు గొట్టం కూడా తెల్లబడితే ముందు గాలి తక్కువైందేమో చూడాలి, ఫిల్టరో తిరిగే చక్రమో దుమ్ముతో నిండి ఉంటుంది. రెండు గొట్టాలూ గది వేడిలోనే ఉంటే కంప్రెసర్ నడవకపోతూ ఉండవచ్చు. ఇన్వర్టర్ కాని పాత ఏసీల్లో దీనికి తరచుగా కారణం కెపాసిటర్, అంటే కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే చిన్న భాగం. కొన్ని వందల రూపాయల వస్తువది, దానికి బదులు వేల రూపాయలు పోసి గ్యాస్ నింపించుకున్న ఇళ్లున్నాయి. అయితే మీరు దాన్ని ముట్టుకోవద్దు. కరెంటు ఆపాక కూడా అది షాక్ కొట్టగలదు.

చివరగా, అరగంట నడిచాక ఏసీ ఆపి ప్లగ్ మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్‌లో తీగలు వదులై ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించేదాకా ఏసీ వేయకండి.

మెకానిక్‌ను పిలవాల్సి వస్తే

మీ అంకెలు రాసిన కాగితం ఆయన చేతికివ్వండి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడ కారుతోందో సబ్బు నురుగుతో చూపించమనండి. ఎక్కువగా కారేది గొట్టాలు నట్లతో కలిసే చోట. నురుగులో దొరకకపోతే నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తోందో లేదో చూడాలి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే వెంటనే ఆపించండి. ఒత్తిడి మీద ఆక్సిజన్ కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుడు జరుగుతుంది.

అతుకు వేశాక వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ పూర్తిగా లాగేయాలి. కాస్త గ్యాస్ వదిలి గాలిని బయటికి తోసేశామని చెప్పి వ్యాక్యూమ్ మానేయడం నేను ఒప్పుకోను. మిగిలిన తేమ లోపల్లోపల కంప్రెసర్‌ను తినేస్తుంది.

ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది బయట యూనిట్ మీది పట్టీలో ఉంటుంది. పాతవాటిలో ఆర్-22, తర్వాత వచ్చినవాటిలో ఆర్-410ఎ, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్-32. ఒకదాని బదులు మరొకటి వేయకూడదు. ఆర్-32కు మంట అంటుకునే గుణం కొంత ఉంది, అందుకే గ్యాస్ ఉండగా గొట్టానికి మంట పెట్టనీయకూడదు. ఆర్-410ఎ రెండు గ్యాసుల మిశ్రమం. కారిన తర్వాత పాళ్లు మారి ఉండవచ్చు కాబట్టి మిగిలింది తీసేసి మొత్తం కొత్తగా నింపడమే సరైన పద్ధతి. ఏ గ్యాస్ అయినా సిలిండర్‌ను కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన నింపాలి. గేజీ ముల్లు చూసి "ఇది చాలండీ" అనే పద్ధతి ఆర్-22 రోజుల్లో ఎలాగో నడిచింది. ఆర్-32 ఒత్తిళ్లు దానికంటే చాలా ఎక్కువ, ఇన్వర్టర్‌లో అవి నిమిషానికోసారి మారతాయి. కాటా లేని మెకానిక్‌తో నేను గ్యాస్ నింపించను, మీరూ నింపించవద్దు.

పని అయ్యాక ఆయన అక్కడ ఉండగానే ఇరవై నిమిషాలు నడిపి, అదే థర్మామీటర్‌తో, అవే చోట్ల, అదే ఫ్యాన్ వేగంతో మళ్లీ కొలవండి. కొత్త అంకెలను, తేదీని, వేసిన గ్రాములను పాత అంకెల కిందే రాసి, ఆ తర్వాత డబ్బు ఇవ్వండి. పదిహేను రోజులకు మరోసారి కొలవండి. తేడా రెండు డిగ్రీలకు మించి పడిపోయి ఉంటే కారే చోటు ఇంకా మిగిలి ఉండవచ్చు, ఆ మెకానిక్‌నే పిలిచి ఆ కాగితం చూపించండి.